రేఖాంశ సాధకుడు జాన్ హారిసన్

ఆకాశంలో సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తున పరిభ్రమించే మార్గదర్శక ఉపగ్రహాలు భూమిపై ఉన్న మనకు ముఖ్యంగా తెలియజేసేవి రెండే రెండు విషయాలు: తామెక్కడ ఉన్నదీ, తమ గడియారంలో సమయమెంత అయినదీ. ఆ సంకేతం మన చేతిలోని యంత్రాన్ని చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం తెలుస్తుంది. నాలుగు ఉపగ్రహాల లెక్క కలిసినప్పుడు మన స్థానం తేలుతుంది. సెకనులో నూరుకోట్లవ వంతు కాలంలో కాంతి సుమారు 30 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. కనుక గడియారంలో సెకనులో పదిలక్షలవ వంతు పొరపాటు దొర్లినా స్థాననిర్ణయంలో 300 మీటర్ల తేడా వస్తుంది. స్థలాన్ని తెలుసుకొనడానికి కాలాన్ని ఆశ్రయించే ఈ పద్ధతి సముద్రం మీద సాధ్యమేనని తొలుత రుజువు చేసినవాడు ఏ విశ్వవిద్యాలయంలోనూ చదువుకొనని ఒక ఆంగ్ల వడ్రంగి. అతని పేరు జాన్ హారిసన్.

అతని ఘనత అర్థం కావాలంటే ముందుగా ఆ కాలపు నావికుల దురవస్థ తెలియాలి. అక్షాంశాన్ని కనుగొనడం వారికి కష్టం కాదు. మధ్యాహ్న సూర్యుని ఎత్తునో, ధ్రువనక్షత్రపు ఎత్తునో కొలిస్తే చాలు. రేఖాంశం సంగతి వేరు. భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగుతుంది, అనగా గంటకు 15 డిగ్రీలు, ఒక డిగ్రీకి 4 నిమిషాలు. విశాఖపట్నంలో సూర్యుడు నడినెత్తికి వచ్చిన తరువాత హైదరాబాదులో రావడానికి దాదాపు 19 నిమిషాలు పడుతుంది. ఆ 19 నిమిషాలే ఆ రెండు నగరాల మధ్య రేఖాంశాల తేడా. క్రీ.శ. 997లో అల్‌బిరూనీ ఖ్వారిజ్మ్‌లోని కాథ్ నగరంలోను, అబుల్ వఫా బాగ్దాదులోను ఒకే చంద్రగ్రహణాన్ని పరిశీలించి, ఆ రెండు చోట్ల స్థానిక కాలాలను పోల్చి రేఖాంశ భేదాన్ని లెక్కకట్టారు. సూత్రం అంత పాతది. కాని గ్రహణాలు నావికుని అవసరానికి రావు. ఓడ బయలుదేరిన రేవులో ఇప్పుడు సమయమెంత అన్నది నడిసముద్రంలో ప్రతిదినమూ తెలియాలి. అందుకు ఆ రేవు కాలాన్ని తప్పకుండా చూపే గడియారం ఓడలో ఉండాలి. ఊగిసలాడే ఓడలో లోలకపు గడియారం నిలువదు. జేబు గడియారాలు దినానికి ఒక నిమిషం తప్పకుండా నడిస్తేనే గొప్ప.

ఈ అజ్ఞానానికి మూల్యం ప్రాణాలే. 1707 అక్టోబరు 22న రాత్రి అడ్మిరల్ క్లౌడెస్లీ షవెల్ నాయకత్వంలో స్వదేశానికి మరలుతున్న ఆంగ్ల నౌకాదళం తామెక్కడ ఉన్నదీ తెలియక సిల్లీ దీవుల శిలలపై పడింది. నాలుగు నౌకలు మునిగాయి. 1,400 మందికి పైగా మరణించారు. ఏడేండ్ల తరువాత, 1714లో, బ్రిటిష్ పార్లమెంటు ఒక చట్టం చేసింది. పశ్చిమ ఇండీస్ దీవుల వరకు ప్రయాణంలో రేఖాంశాన్ని అర డిగ్రీలోపు తప్పుతో చెప్పగల పద్ధతికి 20,000 పౌనులు, మూడింట రెండువంతుల డిగ్రీకి 15,000, ఒక డిగ్రీకి 10,000 బహుమానం. ఆ దినాలలో అది అపారమైన ధనం. అర డిగ్రీ అనగా రెండు నిమిషాలు. ఆరువారాల ప్రయాణంలో గడియారం రెండు నిమిషాలకు మించి తప్పరాదంటే దినానికి మూడు సెకనులలోపే తప్పాలి. పార్లమెంటు సంఘం ముందు సలహా చెప్పిన సర్ ఐజాక్ న్యూటన్ ఓడ కదలిక, వేడి చలి, తడి పొడి, ప్రదేశాన్ని బట్టి మారే గురుత్వం అనే అడ్డంకులను ఎత్తిచూపి, అటువంటి గడియారం ఇంకా తయారు కాలేదని తేల్చాడు. విద్వాంసులందరి చూపూ నక్షత్రాల వైపే ఉండినది.

ఆనాటికి హారిసన్‌కు 21 సంవత్సరాలు. 1693 మార్చి 24న యార్క్‌షైరులోని ఫౌల్బీ గ్రామంలో అతడు జన్మించాడు. తండ్రి హెన్రీ వడ్రంగి. జాన్ పసివాడుగా ఉన్నప్పుడే ఆ కుటుంబం లింకన్‌షైరులో హంబర్ నది ఒడ్డునున్న బారో గ్రామానికి తరలివెళ్లింది. మశూచి సోకి మంచాన పడిన బాలునికి కాలక్షేపానికై ఒక గడియారం ఇచ్చారనీ, దాని టిక్కుటిక్కులు వింటూ గంటల తరబడి గడిపేవాడనీ ఒక కథ ప్రచారంలో ఉన్నది. మహనీయుల బాల్యం చుట్టూ అల్లుకొనే కథలలో ఇదొకటి కావచ్చు. నమ్మదగిన సంగతి మరొకటి ఉన్నది. ఒక మతాచార్యుడు కేంబ్రిడ్జి ఆచార్యుడైన నికొలస్ సాండర్సన్ ప్రకృతిశాస్త్ర ఉపన్యాసాల వ్రాతప్రతిని ఎరువిస్తే, యువకుడైన హారిసన్ దానిని బొమ్మలతో సహా మొత్తం తన చేతివ్రాతతో నకలు వ్రాసుకొన్నాడు. పుస్తకం కొనే స్తోమత లేనివాని విద్యాభ్యాసం అట్లా జరిగింది. చర్చిలో గంటలు శ్రుతి చేయడం, గాయక బృందానికి నేర్పడం కూడ అతనికి ప్రీతి. శ్రుతిలో అణుమాత్రపు తేడాను పట్టగల చెవియే తరువాత గడియారపు లయను కనిపెట్టి ఉండినది.

1713లో అతడు తన మొదటి నిలువు గడియారాన్ని చేశాడు. చక్రాలు సైతం ఓకు కర్రతోనే. చేతికి వచ్చిన విద్య కర్ర పనియే కదా! 1722 ప్రాంతంలో బ్రాకిల్స్‌బీ పార్కు అశ్వశాల గోపురానికి చేసిన గడియారంలో ఒక క్రొత్త సంగతి ఉన్నది. ఆనాటి గడియారాలకు పెద్ద శత్రువు కందెన నూనె. చలికి గడ్డకట్టి, వేడికి పలుచనై, ధూళితో జిగురై అది నడకను చెడగొట్టేది. హారిసన్ నూనెను మెరుగుపరచే ప్రయత్నం చేయలేదు, దాని అవసరాన్నే తొలగించాడు. రాపిడి కలిగే భాగాలను తనలోనే నూనె గుణం గల లిగ్నం వీటే అనే ఉష్ణమండలపు కర్రతో చేశాడు. మూడువందల సంవత్సరాలు దాటినా ఆ గడియారం అక్కడే ఉన్నది.

1725 నుండి మూడేండ్లు తమ్ముడు జేమ్స్‌తో కలిసి నిర్మించిన గడియారాలు ఇంకా ఆశ్చర్యకరమైనవి. వేసవిలో లోహపు కమ్మీ సాగి లోలకం పొడవవుతుంది, గడియారం మందగిస్తుంది. ఇత్తడి, ఉక్కు వేరువేరు పరిమాణాలలో సాగుతాయి. ఆ రెండు లోహాల కమ్మీలను ఒకదాని ప్రక్కన ఒకటి పేర్చి, ఒకటి క్రిందికి సాగితే మరొకటి పైకి సాగి సరిపెట్టేటట్లు హారిసన్ లోలకాన్ని కూర్చాడు. చక్రాన్ని పన్ను పన్నుగా విడిచే భాగాన్ని మిడత కాళ్ల వలె ఎగిరిపడేటట్లు చేసి రాపిడిని దాదాపు లేకుండా చేశాడు. ఆ గడియారాలు నెలకు ఒక సెకనుకు మించి తప్పలేదంటారు. నక్షత్రాలు పొరుగింటి పొగగొట్టం వెనుక మరుగయ్యే క్షణాన్ని రాత్రివేళ గమనించి ఆ పల్లెటూరి అన్నదమ్ములు తమ గడియారాలను సరిచూసుకొనేవారు. వారికి ఉన్న వేధశాల అంతే.

1730లో హారిసన్ తన నావికా గడియారపు పథకంతో లండను చేరాడు. ఆస్థాన ఖగోళశాస్త్రజ్ఞుడైన ఎడ్మండ్ హాలీ అతనిని ప్రసిద్ధ గడియార నిర్మాత జార్జి గ్రాహం వద్దకు పంపాడు. వృత్తిలో పోటీదారు కాగలవానిని చూసి గ్రాహం అసూయపడలేదు. దినమంతా అతనితో ముచ్చటించి, వడ్డీ లేకుండా అప్పిచ్చి పంపాడు. విద్యావంతుల లోకంలో హారిసన్‌కు ఎదురైన ఔదార్యాలలో దీనికి సాటి వచ్చేది లేదు.

అయిదేండ్ల శ్రమతో తయారైన మొదటి నావికా గడియారం బరువు 34 కిలోలు. స్ప్రింగులతో ముడిపడి ఎదురెదురుగా ఊగే రెండు దండాలు అందులో లోలకం పని చేస్తాయి. ఓడ ఒక ప్రక్కకు ఒరిగితే ఒకదానికి కలిగిన తేడాను రెండవది రద్దు చేస్తుంది. 1736లో దానితో హారిసన్ లిస్బను వెళ్లి తిరిగివస్తుండగా కనిపించిన తీరం స్టార్ట్ పాయింట్ అని ఓడ యజమాని తలచాడు. కాదు, లిజర్డ్ అని హారిసన్ చెప్పాడు. అతని మాటే నిజమైంది. లెక్కలో తేడా 60 మైళ్లకు పైగా ఉన్నది. రేఖాంశ మండలి ఎదుట నిలబడి, ఇది చాలదు, దీనికంటె మంచిది చేస్తానని కోరినవాడు హారిసన్ ఒక్కడే. ఆనాడే పశ్చిమ ఇండీస్ పరీక్షను కోరి ఉంటే అతని జీవితం వేరుగా ఉండేదేమో! రెండవ గడియారంలో, ఓడ మలుపు తిరిగేటప్పుడు దండాల నడక చెడుతుందని తానే కనిపెట్టి, పరీక్షకు పంపకుండానే దానిని ప్రక్కన పెట్టాడు. మూడవదానికి 19 సంవత్సరాలు వెచ్చించాడు. నేటి యంత్రాలలో సర్వత్రా కనిపించే రెండు సాధనాలు, ఉష్ణోగ్రతను బట్టి వంగే ద్విలోహపు పట్టీ, గుండ్రని దిండ్లను గూటిలో అమర్చిన బేరింగు, ఆ గడియారం కోసం పుట్టినవే. 1749లో రాయల్ సొసైటీ కాప్లే పతకమిచ్చి గౌరవించింది. అయినా ఆ మూడవ గడియారం అతడు కోరిన ఖచ్చితత్వాన్ని అందుకోలేదు.

ఇక్కడ ఒక విచిత్రం జరిగింది. 1753లో జాన్ జెఫ్రీస్ అనే పనివాడు హారిసన్ సొంత వాడకానికై అతని సూచనల ప్రకారమే ఒక జేబు గడియారం చేసి ఇచ్చాడు. అది ఊహించిన దానికంటె బాగా నడిచింది. మూడు దశాబ్దాలుగా పెద్ద పెద్ద యంత్రాలతో పెనుగులాడిన మనిషి, అరవై ఏండ్ల వయస్సులో, తన మార్గమే మార్చుకొన్నాడు. చిన్నదై వేగంగా ఊగే చక్రాన్ని ఓడ కదలిక కలవరపెట్టదని గ్రహించాడు. 1759 నాటికి సిద్ధమైన నాలుగవ గడియారం వ్యాసం 13 సెంటీమీటర్లు, బరువు సుమారు కిలోన్నర. సెకనుకు అయిదు లయలు. రాపిడిని సహించేందుకు వజ్రపు తునకలు, కెంపులు.

1761 నవంబరులో అతని కుమారుడు విలియం ఆ గడియారంతో డెప్ట్‌ఫర్డ్ అనే నౌకలో జమైకాకు బయలుదేరాడు. తండ్రికి అప్పటికి 68 ఏండ్లు. మదీరా సమీపంలో ఓడవారి లెక్కను త్రోసిపుచ్చి, మరునాటి ఉదయమే ఒక దీవి కనిపిస్తుందని విలియం చెప్పాడు. అట్లే కనిపించింది. 81 దినాల తరువాత జమైకాలో తేలిన తప్పు 5 సెకనుల పైచిలుకు. చట్టం అనుమతించిన రెండు నిమిషాలతో పోల్చండి! అయితే మండలి బహుమానమివ్వలేదు. జమైకా రేఖాంశమే సరిగా తెలియదన్నది, కాకతాళీయమై ఉండవచ్చునన్నది. 1764లో బార్బడోసుకు రెండవ పరీక్ష. ఈసారి తప్పు 39 సెకనులు, అనగా పది మైళ్లలోపు. చట్టం కోరినదానికి మూడింతల ఖచ్చితత్వం. మండలి మరల షరతులు పెట్టింది. 1765 నాటి క్రొత్త చట్టం ప్రకారం గడియార రహస్యాలన్నీ వెల్లడిస్తే సగం, ఇతరులు కూడ దానిని చేయగలరని రుజువైతే మిగిలిన సగం. హారిసన్ కోపంతో సమావేశం నుండి లేచిపోయినా, చివరకు లండనులోని తన ఇంట ఆరుగురు నిపుణుల ముందు తన గడియారాన్ని మేకు మేకుగా విప్పి చూపవలసి వచ్చింది. ఇంతకుముందు ఇచ్చిన 2,500 మినహాయించి 7,500 పౌనులు చేతికందాయి.

ఆ ఏడాదే నెవిల్ మాస్కెలిన్ ఆస్థాన ఖగోళశాస్త్రజ్ఞుడై మండలిలో సభ్యుడయ్యాడు. చంద్రునికీ నక్షత్రాలకూ నడుమ కోణాన్ని కొలిచి రేఖాంశాన్ని లెక్కించే పద్ధతికి అతడు పట్టుకొమ్మ. అనగా పోటీదారే న్యాయనిర్ణేత అయ్యాడు. 1766లో మాస్కెలిన్ మనుషులు గడియారాలను గ్రీనిచ్ వేధశాలకు తరలించేటప్పుడు మొదటిదానిని జారవిడిచారు. తరువాత పది నెలలు నాలుగవ గడియారాన్ని పరీక్షించి, అది నమ్మదగినది కాదని మాస్కెలిన్ నివేదిక వ్రాశాడు. విప్పి మరల కూర్చిన తరువాత సరిచేయకుండా పరీక్షించడం అన్యాయమని హారిసన్ ఒక కరపత్రం ప్రచురించాడు.

హారిసన్ చరిత్ర వ్రాసినవారు కొందరు మాస్కెలిన్‌ను ప్రతినాయకునిగా చిత్రిస్తారు. అది పూర్తి న్యాయం కాదని నా అభిప్రాయం. 1767 నుండి అతడు వెలువరించిన నావికా పంచాంగం చంద్రగణనను నాలుగు గంటల శ్రమ నుండి అరగంటకు తగ్గించి, సామాన్య నావికునికి అందుబాటులోకి తెచ్చింది. హారిసన్ గడియారం అప్పటికి లోకంలో ఒక్కటే. లార్కం కెండాల్ అనే నిపుణుడు దానికి నకలు చేయడానికి రెండేండ్లకు పైగా పట్టింది, ఖర్చు 450 పౌనులు. నౌకాదళమంతటికీ అటువంటివి అమర్చడం ఎట్లా అన్న మండలి ప్రశ్న అర్థం లేనిది కాదు. కాని నియమాలు ముందుగా ప్రకటించి, పరీక్షలో నెగ్గిన తరువాత వాటిని మార్చడాన్ని మాత్రం ఎవరూ సమర్థించలేరు.

తన గడియారం తనకే తిరిగి రాకుండా పోగా, హారిసన్ జ్ఞాపకం మీదనే అయిదవదానిని నిర్మించాడు. 1770లో అది పూర్తయ్యేనాటికి 77 ఏండ్లు. చూపు మందగించింది. 1772లో విలియం మూడవ జార్జి రాజుకు విన్నవించుకొన్నాడు. రాజు తన సొంత వేధశాలలో పది వారాలు ఆ గడియారాన్ని పరీక్షింపజేశాడు. తొలిదినాలలో అది తప్పుగా నడిస్తే, సమీపంలోని అరలో అయస్కాంత శిలలు దాచిన సంగతి రాజుకే గుర్తుకు వచ్చిందట. వాటిని తీసివేసిన తరువాత పది వారాలకు తేలిన తప్పు నాలుగున్నర సెకనులు. రాజు మద్దతుతో 1773లో పార్లమెంటు నేరుగా హారిసన్‌కు 8,750 పౌనులు మంజూరు చేసింది. జీవితకాలంలో అతనికి ముట్టినదంతా కూడితే 23,000 పౌనులు దాటుతుంది. అయితే ఆ బహుమానం అనే పేరుతో మండలి అతనికి ఏనాడూ పురస్కారమీయలేదు.

నిజమైన తీర్పు సముద్రం నుండి వచ్చింది. 1772లో రెండవ ప్రపంచయాత్రకు బయలుదేరిన కెప్టెన్ కుక్ కెండాల్ చేసిన నకలును వెంట తీసుకొనిపోయాడు. అంటార్కిటిక్ మంచు నుండి ఉష్ణమండలం వరకు మూడేండ్ల ప్రయాణంలో అది అతనికి నమ్మకమైన తోడయింది. 1775 జూలైలో కుక్ తిరిగివచ్చేనాటికి హారిసన్ బ్రతికే ఉన్నాడు. ఎనిమిది నెలల తరువాత, 1776 మార్చి 24న, తన 83వ జన్మదినాన లండనులో మరణించాడు. హాంస్టెడ్‌లోని సెయింట్ జాన్ చర్చి ఆవరణలో అతని సమాధి ఉన్నది.

చనిపోవడానికి ముందు సంవత్సరం అతడొక పుస్తకం ప్రచురించాడు. శైలి గజిబిజి, వాక్యాలు అంతులేనివి. తన పద్ధతిలో చేసిన లోలకపు గడియారం నూరు దినాలలో ఒక సెకనుకు మించి తప్పదని అందులో వ్రాస్తే, ముసలితనపు మతిభ్రమణమని విమర్శకులు ఎగతాళి చేశారు. రెండు శతాబ్దాల తరువాత మార్టిన్ బర్జెస్ అనే కళాకారుడు ఆ సూత్రాలతోనే ఒక గడియారాన్ని నిర్మించాడు. 2015లో ముగిసిన గ్రీనిచ్ పరీక్షలో అది నూరు దినాలకు ఒక సెకనులో ఎనిమిదింట అయిదు వంతులే తప్పింది.

హారిసన్ గడియారాలు చాలాకాలం అటకెక్కి చిలుముపట్టాయి. 1920లో రూపర్ట్ గూల్డ్ అనే నావికాదళ అధికారి వాటిని వెదకి పట్టుకొని ఏండ్ల తరబడి బాగుచేశాడు. నేడు అవి గ్రీనిచ్‌లో ఉన్నాయి. మధ్యకాలంలో ఆర్నాల్డ్, ఎర్న్‌షా మొదలైనవారు నావికా గడియారాన్ని సులభమూ చౌకా చేశారు. 1831లో డార్విన్ ఎక్కిన బీగిల్ నౌకలో 22 గడియారాలుండేవి.

నేడు ఆ స్థానంలో అణు గడియారాలున్నాయి. ఒక సెకను అనగా సీసియం పరమాణువుకు సంబంధించిన 9,19,26,31,770 సూక్ష్మతరంగ కంపనాలు. మన దేశపు నావిక్ వ్యవస్థ కూడ ఇందుకు సాక్షి. 2013లో ప్రయోగించిన మొదటి ఉపగ్రహంలోని మూడు రుబీడియం గడియారాలు విఫలం కావడంతో, తక్కిన భాగాలు సక్రమంగా ఉన్నా అది స్థాననిర్ణయానికి పనికిరాకుండా పోయింది. స్వదేశంలో తయారైన రుబీడియం గడియారం 2023 మే 29న ఎన్‌వీఎస్-01 ఉపగ్రహంతో పైకి వెళ్లింది.

తరువాతి మెట్టు కాంతి గడియారం. స్ట్రాన్షియం వంటి పరమాణువులో కాంతి కంపనాలు సెకనుకు 429 లక్షల కోట్లు, సీసియం కంటె దాదాపు 46,000 రెట్లు. హారిసన్ సెకనుకు ఒక ఊపు నుండి అయిదు లయలకు రావడం వెనుక ఉన్న తర్కమే ఇక్కడా కనిపిస్తుంది: లయ ఎంత వేగమైతే కాలాన్ని అంత సన్నని ముక్కలుగా కోయవచ్చు. అంత వేగాన్ని లెక్కపెట్టే సాధనం చాలాకాలం లేదు. లేజరు కాంతితో చేసిన దువ్వెన వంటి పరికరం ఆ లోటును తీర్చింది. అందుకు జాన్ హాల్, థియోడర్ హెన్ష్‌లకు 2005లో నోబెల్ బహుమానంలో భాగం లభించింది. అటువంటి గడియారాలు ఉపగ్రహాలలో ఉంటే భూమి నుండి మాటిమాటికి సమయం సరిదిద్దవలసిన పని తగ్గుతుంది. ఉపగ్రహాలు లేజరు కిరణాలతో తమలో తాము సమయాన్ని పోల్చుకొనే కెప్లర్ అనే పథకాన్ని జర్మన్ శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. అయితే సంకేతం వాతావరణపు పై పొరలలో ఆలస్యం కావడం, కక్ష్య లెక్కల్లోని తప్పులు వేరే ఉన్నాయి. గడియారం ఒక్కటే మారినంత మాత్రాన మన ఫోను అంగుళాల ఖచ్చితత్వంతో చెబుతుందని ఆశించరాదు.

అడ్డంకులు కూడ పాతవే. ప్రయోగశాలలో గది నిండుగా పరచుకొన్న యంత్రాన్ని చిన్న పెట్టెలోకి కుదించాలి. కదలికకు, వేడి చలికి చలించకుండా చేయాలి. 2018లో జర్మన్లు అయొడిన్ ఆధారంగా చేసిన కాంతి ప్రమాణాన్ని రాకెట్టులో కొద్ది నిమిషాలు అంతరిక్షానికి పంపి చూశారు. 2022లో అయొడిన్ కాంతి గడియారాలను పరీక్షించడానికి ఎన్నుకొన్న చోటు మరల సముద్రమే. న్యూజిలాండ్ నౌకాదళపు ఓడలో, పసిఫిక్ మహాసముద్రం మీద, దాదాపు మూడు వారాలపాటు, ఓడ ఊగుతుండగా అవి నడిచాయి. దినానికి తేలిన తప్పు సెకనులో లక్షకోట్లవ వంతులు సుమారు 300.